పిల్లల వెన్ను వంకరకి ఆపరేషన్: ఏ పూస దగ్గర ఆపుతారో అడగండి

పోయిన నెల ఈ శీర్షికలో, పిల్లల వెన్ను పక్కకి వంగుతోందేమో ఇంట్లోనే ఎలా చూసుకోవచ్చో రాశాను. పిల్లని రెండు అరచేతులూ కలిపి, మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగమని, మీరు వెనక నిలబడి వీపు చూడమన్నాను. ఒకవైపు పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేచి కనపడితే డాక్టరుకి చూపించమన్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దాని గురించే ఉన్నాయి, అందులోనూ ఎక్కువమంది అడిగింది ఆపరేషన్ గురించే. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీనికే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్ళు. జడ వేస్తుంటే కుడి రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చినట్టు కనపడింది. ఎక్స్‌రే తీసి 52 డిగ్రీలు వంగింది, ఆపరేషన్ చేయాలి అన్నారు. మా అత్తగారేమో పెద్దయితే అదే సర్దుకుంటుందంటున్నారు, మావారు ముందు వ్యాయామాలు చేయిద్దాం అంటున్నారు. ముందే చూసుకోలేకపోయానని నాకు నిద్ర పట్టడం లేదు. బరువైన బ్యాగు వల్లే వచ్చిందా డాక్టరు గారూ?

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. ఇది బ్యాగు వల్ల రాలేదు. కూర్చునే తీరు వల్ల కాదు, ఫోను వల్ల కాదు, మీరు పెట్టిన తిండి వల్ల అసలే కాదు. పదేళ్ళు దాటాక బయటపడే ఈ రకం వంకరకి అసలు కారణం ఏమిటో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు, వంశంలో ఉంటే అవకాశం ఎక్కువని మాత్రం తెలుసు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఎంతో కొంత ఉంటుంది. చిన్న వంకరలు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో ఇంచుమించు సమానంగానే ఉంటాయి, పెరిగి పెద్దవయ్యేవి మాత్రం ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి పిల్ల చెప్పదు, ఆ వయసులో బట్టలు మార్చుకునేటప్పుడు అమ్మని కూడా గదిలోకి రానివ్వరు కాబట్టి మీకు కనపడదు. జడ వేసేటప్పుడైనా మీ కంట పడింది, మీరు వెంటనే తీసుకెళ్ళారు. చేయాల్సింది చేశారు.

ఇప్పుడు 52 అంటే ఏమిటో చూద్దాం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంపుకి పైన అన్నిటికన్నా ఎక్కువ వాలిన పూస ఒకటి, కింద ఎక్కువ వాలిన పూస ఒకటి తీసుకుని వాటి మధ్య కోణం కొలుస్తారు. 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు చెప్పిన పద్ధతి ఇది, అందుకే రిపోర్టులో కాబ్ యాంగిల్ అని రాస్తారు. ఒకే ఎక్స్‌రేని ఇద్దరు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది, కాబట్టి ఆర్నెల్ల కిందట 49, ఇప్పుడు 52 అని గుండెలు బాదుకోవద్దు, 45 ఉన్నది 52 అయితే మాత్రం నిజంగా పెరిగినట్టే. 10 లోపుంటే దాన్ని జబ్బు కింద లెక్కేయం. 25 లోపు అయితే చూస్తూ ఉంటాం. 25 నుంచి 40, 45 మధ్య ఉండి పిల్ల ఇంకా ఎదుగుతుంటే బ్రేస్, అంటే ఒంటి చుట్టూ బిగించే గట్టి తొడుగు, వేస్తాం. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది.

మీ అత్తగారి మాట నిజమైతే ఎంత బాగుండేదో, కానీ జరిగేది తలకిందులు. ఎదిగేకొద్దీ వంకర పెరుగుతుంది, అందులోనూ పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగే ఆ ఏడాదిన్నర రెండేళ్ళలో మరీ ఎక్కువగా పెరుగుతుంది. ఎదుగుదల ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి నెలసరి ఎప్పుడు మొదలైందని అడుగుతాం, అది మొదలయ్యాక ఇంకో రెండేళ్ళ దాకా ఎదుగుతారని లెక్క. తుంటి ఎముక అంచున కొత్తగా వచ్చే ఎముక పొర ఎంత దూరం వచ్చిందో చూసి 0 నుంచి 5 దాకా మార్కులు కూడా వేస్తాం, దాన్ని రిస్సర్ అంటారు. 0, 1 అంటే ఇంకా చాలా ఎదుగుదల ఉందని. ఇంకో సంగతి, ఛాతీ భాగంలో 50 దాటిన వంకర ఎదుగుదల ఆగిపోయాక కూడా ఆగదు, ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా పెరుగుతూనే పోతుంది. పదమూడేళ్ళ పిల్లకి ముందున్న ఏళ్ళు లెక్కేసుకోండి. 70, 80 దాటాక ఊపిరితిత్తులకి చోటు తగ్గడం మొదలవుతుంది.

వ్యాయామాల గురించి మీవారు అడిగింది తప్పేం కాదు. ష్రాత్ అని జర్మనీలో పుట్టిన పద్ధతి ఒకటుంది, చిన్న వంకరలున్న పిల్లల్లో నిలబడే తీరు మెరుగుపడుతుంది, కొద్దిగా సాయపడుతుంది. కానీ 52 డిగ్రీల వంకరని వ్యాయామం తగ్గించదు. బ్రేస్ అయినా అంతే, అది వంకరని పెరగకుండా ఆపడానికే, సరిచేయడానికి కాదు. 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 20 నుంచి 40 డిగ్రీలున్న పిల్లల్లో బ్రేస్ వేసుకున్నవాళ్ళు 72 శాతం మంది ఆపరేషన్ దశకి వెళ్ళకుండా తప్పించుకున్నారు, వేసుకోనివాళ్ళలో 48 శాతం మందే తప్పించుకున్నారు. ఈ లెక్క చదివి మళ్ళీ బాధపడకండి. ఈ సంగతి మీ అమ్మాయి కోసం కాదు, ఇది చదువుతున్న 28 డిగ్రీల పిల్ల తల్లి కోసం రాశాను.

ఇది పరుగుపరుగున చేయించాల్సిన ఆపరేషన్ కూడా కాదు. ఇంకో డాక్టరుకి చూపించుకోవచ్చు, పరీక్షల సెలవుల దాకా ఆగొచ్చు, రెండు మూడు నెలల్లో కొంప మునిగిపోదు. ఏళ్ళ తరబడి వాయిదా వేయడమే వద్దంటున్నాను.

ప్రశ్న: స్క్రూలు, రాడ్లు వేస్తారంటున్నారు గానీ అసలు లోపల ఏం చేస్తారో విడమర్చి ఎవరూ చెప్పడం లేదు. తండ్రిగా సంతకం పెట్టేది నేను. వివరంగా రాయండి.

మీరు అడగాల్సిన ప్రశ్నే. ఎక్కువమందికి చేసే ఆపరేషన్ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను, దీన్ని వెనకవైపు నుంచి చేసే ఫ్యూజన్, అంటే వంగిన చోట పూసల్ని ఒకదానితో ఒకటి అతికించడం, అంటారు.

మత్తు ఇచ్చి పిల్లని బోర్లా పడుకోబెడతారు, పొట్ట కిందకి వేలాడేలా మెత్తలు అమరుస్తారు, ఎందుకంటే పొట్ట నొక్కుకుంటే రక్తం ఎక్కువ పోతుంది. వీపు మధ్యన నిలువుగా కోసి, కండని ఎముక మీద నుంచి రెండువైపులకీ నెమ్మదిగా తప్పిస్తారు. ఇప్పుడు వెన్నుపూసలు కనపడతాయి. పూసకీ పూసకీ మధ్య వెనకవైపు చిన్న కీళ్ళుంటాయి, వాటిని కోసి తీసేస్తారు. దీనితో రెండు పనులు జరుగుతాయి. బిగుసుకుపోయిన వెన్ను వదులవుతుంది, తరవాత ఎముకలు అతుక్కోవడానికి పచ్చి అంచులు దొరుకుతాయి. తీసిన ఆ ఎముక ముక్కల్ని పారేయరు, చిన్న గిన్నెలో దాస్తారు.

తరవాత స్క్రూలు. ప్రతి పూసకీ వెనక నుంచి ముందుకి రెండు సన్నటి ఎముక గొట్టాల్లాంటి భాగాలుంటాయి, పెడికిల్స్ అంటారు. స్క్రూ దూరేది అందులోంచే. ఛాతీ భాగంలో, అదీ వంపు లోపలివైపు, ఆ గొట్టం వెడల్పు ఒక్కోచోట 4, 5 మిల్లీమీటర్లే ఉంటుంది, అంటే పెన్సిల్ కన్నా సన్నం, గోడకి అవతలే వెన్నుపాము. మొద్దు మొనున్న పరికరంతో దారి చేసి, చివర చిన్న గుండు ఉన్న సన్నటి కడ్డీ లోపలికి పంపి నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూస్తాం. ఆ క్షణంలో థియేటర్లో ఎవరూ మాట్లాడరు. గోడ గట్టిగా తగిలితేనే స్క్రూ, మెత్తగా తగిలితే అక్కడ వేయం, దారి మార్చుకుంటాం లేదా ఆ పూసని వదిలేస్తాం. ఎక్స్‌రే మిషన్‌తోనో, కంప్యూటర్ నావిగేషన్‌తోనో, కొన్నిచోట్ల రోబో సాయంతోనో కూడా చూసుకుంటారు. రోబో ఉందా లేదా అన్నది ఆసుపత్రి ఎంచుకోవడానికి నా దృష్టిలో పెద్ద కారణం కాదు. ఆ డాక్టరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఆ మత్తు డాక్టరు పిల్లల వెన్ను కేసులు ఎన్ని చూశారు అన్నదే పెద్ద కారణం.

స్క్రూలు పడ్డాక రాడ్లు. ఐదున్నర, ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటాయి, టైటానియం లేదా కోబాల్ట్ క్రోమ్. పక్క నుంచి చూస్తే మన వీపుకి సహజంగా ఒక గుండ్రం ఉంటుంది, నడుం దగ్గర లోపలికి ఒక ఒంపు ఉంటుంది, రాడ్డుకి కూడా ఆ ఆకారం వచ్చేలా చేత్తోనే పెద్ద పట్టకారులాంటి దానితో వంచుతాం. ఆ రాడ్డుని స్క్రూల తలల్లో కూర్చోబెట్టి మెల్లగా తిప్పుతూ, లాగుతూ, నొక్కుతూ వెన్నుని రాడ్డు దగ్గరికి తీసుకొస్తాం. వెన్ను పక్కకి వంగడమే కాదు, మెలి కూడా తిరిగి ఉంటుంది, వీపు మీద ఆ ఉబ్బు వచ్చేది ఆ మెలి వల్లే. అందుకని స్క్రూలనే పిడుల్లా పట్టుకుని పూసల్ని వెనక్కి తిప్పుతాం. చివరికి దాచిపెట్టిన ఎముక ముక్కలు, చాలకపోతే ఎముకల బ్యాంకు నుంచి తెచ్చినవి, పరిచి కుట్లు వేస్తారు. మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది.

ఇందులో అసలు పని చేసేది లోహం కాదని గుర్తుపెట్టుకోండి. స్క్రూలూ రాడ్లూ లోపల వేసిన పిండికట్టులాంటివి. ఆర్నెల్ల నుంచి ఏడాదిలో ఆ ఎముక ముక్కలు కరిగి కొత్త ఎముకై, పూసలన్నీ కలిసి ఒకే ఎముకగా అతుక్కుంటాయి. వంకర తిరిగి రాకుండా జీవితాంతం ఆపేది ఆ అతుకే. ఇబ్బంది రాకపోతే రాడ్లు తీయాల్సిన పని లేదు, లోపలే ఉంటాయి.

ఈ రాడ్ల ఆలోచన పోలియో వచ్చిన పిల్లల కోసం మొదలైంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే డాక్టరు 1950లలో మొదలుపెట్టి 1962లో ప్రచురించారు. ఆ రాడ్డు పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెంతో వెన్నుని కారు జాకీలా సాగదీసేది. వంకర తగ్గేది గానీ నడుం ఒంపు పోయి వీపు పలకలా అయ్యేది, పిల్లలు నెలల తరబడి పిండికట్టులో ఉండేవాళ్ళు. పెద్దయ్యాక వాళ్ళలో కొందరు ముందుకి వాలిపోయి, నిటారుగా నిలబడలేక బాధపడ్డారు. మీ బంధువుల్లో ఎవరైనా ఆ ఆపరేషన్ కథ చెప్పి భయపెడితే, వాళ్ళు చెప్పేది నిజమే, కానీ ఆ పద్ధతి ఇప్పుడు లేదు.

ప్రశ్న: మా పాపకి ఇద్దరు డాక్టర్లని అడిగాం. ఒకరు ఛాతీ 4వ పూస నుంచి నడుం 1వ పూస దాకా అతికిస్తామన్నారు. ఇంకొకరు నడుం 3వ పూస దాకా వెళ్తే ఎక్స్‌రే ఇంకా తిన్నగా వస్తుందన్నారు. ఎవరి మాట వినాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. దాదాపు ప్రతి తల్లీ తండ్రీ "ఎన్ని డిగ్రీలు తగ్గిస్తారు" అని అడుగుతారు. "ఏ పూస దగ్గర ఆపుతారు" అని అడిగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది రెండోదే.

మెడ కిందనుంచి ఛాతీ వెనక 12 పూసలు, నడుంలో 5. ఛాతీ భాగం పక్కటెముకలతో కట్టేసి ఉంటుంది, అది మామూలుగానే పెద్దగా వంగదు, కాబట్టి అక్కడ అతికిస్తే పిల్లకి అంతగా తెలియదు. నడుం అలా కాదు. కూర్చుని షూ లేసు కట్టుకోవడం, కింద పడ్డది తీసుకోవడం, అన్నీ దాని మీదే. నడుంలో అతికించిన ప్రతి పూసా, మిగిలిన కొద్ది కీళ్ళ మీద ఇంకొంత భారం. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ మిగిలిన కీళ్ళతో ఇంకో అరవై, డెబ్భై ఏళ్ళు నడవాలి. మీ ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా, 10 పూసలా 12 పూసలా అన్నది, కాగితం మీద రెండే. పిల్ల నడుంలో ఆ రెండూ చాలా పెద్దవి.

అయితే తక్కువ అతికించడమే ఎప్పుడూ గొప్ప అని కూడా కాదు. అవసరమైన చోటికి ముందే ఆపేస్తే, ఆపిన చోటుకి కింద కొత్తగా వంకర పెరగొచ్చు, మళ్ళీ కోయాల్సి రావొచ్చు. అందుకే దీనికి ఒక లెక్క ఉంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేతో పాటు పిల్లని కుడికీ ఎడమకీ వంగబెట్టి తీస్తారు. వంగినప్పుడు తనంతట తానే తిన్నబడే వంపు నిజమైన వంపు కాదు, పైన ఉన్న పెద్ద వంపుకి సర్దుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. పెద్దదాన్ని సరిచేస్తే ఇది తనే సర్దుకుంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. వంగినా 25 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ మిగిలితే అది బిగుసుకున్న వంపు, దాన్ని కలపాల్సి రావొచ్చు. 2001లో వచ్చిన లెంకీ వర్గీకరణలో వంకరల్ని ఇలా ఆరు రకాలుగా విడదీశారు, ప్రపంచమంతా ఇప్పుడు దాన్నే వాడుతున్నారు.

కాబట్టి ఇద్దరు డాక్టర్లనీ ఒకే మాట అడగండి: "వంగి తీసిన ఎక్స్‌రేలో నడుం వంపు ఎంతకి తగ్గింది? అయినా 3వ పూస దాకా ఎందుకు వెళ్తున్నారు?" దీనికి కారణం చెప్పగలిగిన డాక్టరు సరైన డాక్టరు. "ఎక్స్‌రే తిన్నగా వస్తుంది" అన్నది ఒక్కటే కారణమైతే నాకు చాలదు. 60, 70 శాతం సరిచేస్తే, అంటే 50 ఉన్నది 15, 20కి వస్తే, భుజాలు సమంగా ఉంటే, తల నడుం మీద సరిగ్గా నిలబడితే, బట్టలేసుకున్న పిల్లని చూసి ఎవరూ కనిపెట్టలేరు. సున్నా కోసం రెండు కీళ్ళు పోగొట్టుకోవాల్సిన పని లేదు.

వంకర నడుంలోనే ఉన్న పిల్లల్లో కొందరికి పక్క నుంచి కోసి, ముందువైపు నుంచి డిస్కులు తీసి అతికించే పద్ధతి ఉంది, దానిలో ఒకటి రెండు పూసలు తక్కువ అతికించి సరిపెట్టే వీలు ఒక్కోసారి దొరుకుతుంది. మీ పాపది ఛాతీ వంకర కాబట్టి దాని జోలికి ఎక్కువ వెళ్ళను.

ప్రశ్న: కాళ్ళు పడిపోతాయని అందరూ భయపెడుతున్నారు. నిజం చెప్పండి.

నిజమే చెప్తాను. ఈ వయసు పిల్లల్లో, ఈ రకం వంకరకి చేసే ఆపరేషన్లో నరాలకి దెబ్బ తగిలే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ, అందులో చాలావరకు మళ్ళీ కోలుకునేవే. సున్నా మాత్రం కాదు. సున్నా అని చెప్పే డాక్టరుని నమ్మకండి.

అంత తక్కువ ఎందుకుందంటే, మత్తులో ఉన్నంతసేపూ వెన్నుపామే మాతో మాట్లాడుతూ ఉంటుంది. పిల్ల తల మీదా, చేతులకీ కాళ్ళకీ సన్నటి సూదుల్లాంటి తీగలు పెడతారు. తల దగ్గర చిన్న కరెంటు ఇస్తే కాలి కండరంలో కదలిక వస్తోందా, కాలి దగ్గర ఇస్తే మెదడుకి అందుతోందా అని ఒక నిపుణుడు స్క్రీను ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూస్తూనే ఉంటాడు. గీత తగ్గితే వెంటనే చెప్తాడు. అప్పుడు చేతిలో ఉన్న పని ఆపేస్తాం. బీపీ పెంచుతాం, రక్తం తగ్గిందేమో చూస్తాం, చేసిన సవరింపు వదులు చేస్తాం, అనుమానమున్న స్క్రూ తీసేస్తాం. గీత తిరిగి రాకపోతే అవసరమైతే ఆ రోజుకి ముగించి మరో రోజు చేస్తాం. ఈ మిషన్లు రాకముందు, 1973లో ఫ్రాన్సు డాక్టర్లు ఒక పద్ధతి చెప్పారు, ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి "పాదాలు కదుపు" అని పిల్లనే అడగడం. పాదాలు కదిపాక మళ్ళీ మత్తు. అనుమానం వచ్చినప్పుడు ఇప్పటికీ అది పనికొస్తుంది.

నరాల మానిటరింగ్ ఉంటుందా అని తప్పకుండా అడగండి. లేదంటే వేరే చోటు చూసుకోండి, దీనిలో మొహమాటం వద్దు.

ఇన్ఫెక్షన్ నూటికి ఒకటి, రెండు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్జామిక్ యాసిడ్ అనే మందు ఇస్తారు, పోయిన రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే మిషన్ కూడా వాడతారు కాబట్టి బయటి రక్తం అవసరం ఇదివరకంత ఉండటం లేదు.

ఇంకొకటి. వంకర ఛాతీలో ఎడమవైపుకి తిరిగి ఉన్నా, నొప్పి బాగా ఉన్నా, చాలా వేగంగా పెరిగినా, కాళ్ళలో బలహీనత కనపడినా ఆపరేషన్‌కి ముందు ఎంఆర్ఐ తప్పనిసరి, ఎందుకంటే అలాంటప్పుడు వెన్నుపాములోనే నీటి సంచి లాంటి వేరే జబ్బు దాగి ఉండొచ్చు.

ప్రశ్న: అతికించకుండా తాడుతో లాగి సరిచేసే కొత్త ఆపరేషన్ వచ్చిందని వీడియోలో చూశాం. మా మేనకోడలికి పన్నెండేళ్ళు, 48 డిగ్రీలు. అదే మంచిది కదా?

మంచిదే కావచ్చు, అందరికీ కాదు. దాన్ని టెథరింగ్ అంటారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ, వంపు బయటివైపు పూసలకి స్క్రూలు వేసి, వాటిని పాలిస్టర్ లాంటి గట్టి తాడుతో కలిపి బిగిస్తారు. నొక్కుకున్న వైపు ఎముక నెమ్మదిగా పెరుగుతుంది, వదులుగా ఉన్న వైపు ఎక్కువ పెరుగుతుంది, ఆ తేడాతో పిల్ల ఎదిగేకొద్దీ వెన్ను తనే తిన్నబడుతుంది. కీళ్ళు కదులుతూనే ఉంటాయి. ఆలోచన చాలా అందమైంది. అమెరికాలో 2019 ఆగస్టులో, ఎదుగుదల మిగిలి ఉండి 30 నుంచి 65 డిగ్రీలున్న పిల్లలకి దీన్ని ప్రత్యేక మినహాయింపు కింద అనుమతించారు.

ఇబ్బంది ఎక్కడంటే, పని చేయాల్సింది పిల్ల ఎదుగుదల. అది సరిపడా లేకపోతే తిన్నబడదు, మరీ ఎక్కువ మిగిలుంటే అవతలివైపుకి వంగిపోతుంది, అప్పుడు తాడు వదులు చేయాలి. కొన్నేళ్ళకి తాడు తెగడం కూడా అరుదేం కాదు. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చే అవకాశం ఫ్యూజన్ కన్నా దీనిలో ఎక్కువ, ముప్ఫై ఏళ్ళ తరవాత ఎలా ఉంటుందో చూపించే పేషెంట్లు ఇంకా లేరు. మీ మేనకోడలికి నెలసరి మొదలుకాకపోయి, రిస్సర్ తక్కువగా ఉండి, వంకర వంగితే తగ్గేదైతే తప్పకుండా అడిగి చూడాల్సిందే. పదహారేళ్ళ పిల్లకి ఇది చేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఎందుకని గట్టిగా అడగండి.

ప్రశ్న: నాకు 15. వచ్చే నెల ఆపరేషన్. నేను డాన్స్ చేస్తాను. మళ్ళీ చెయ్యగలనా? మచ్చ ఎంత ఉంటుంది? అమ్మమ్మ పెళ్ళి, పిల్లలు అని ఏడుస్తోంది. ఎవరూ నాతో మాట్లాడట్లేదు, నా గురించి మాట్లాడుకుంటున్నారు.

తల్లీ, నీ ఆఖరి వాక్యం మీ ఇంట్లోవాళ్ళందరికీ చదివి వినిపించు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కుర్చీ నీది, ఎక్స్‌రే నీకే చూపించమను, నీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళు.

డాన్స్ చేయగలవు. ఎంత పాతగా, ఎంత కొత్తగా అన్నది ఏ పూస దగ్గర ఆపారన్నదాన్ని బట్టి ఉంటుంది. నడుం మొదట్లోనే ఆపితే తుంటి నుంచి, మిగిలిన నడుం నుంచి చాలా వంగగలవు. వెనక్కి విల్లులా వంగడం, నడుంని మెలితిప్పే కదలికలు మునుపటిలా రావు, ఇది ముందే తెలుసుకోవాలి. నువ్వు చేసే డాన్స్ వీడియో మీ డాక్టరుకి చూపించు, నిజంగా చూపించు, ఎక్కడ ఆపాలో ఆలోచించేటప్పుడు ఆయనకి అది పనికొస్తుంది.

మచ్చ రెక్క ఎముకల మధ్య నుంచి నడుం దాకా నిలువుగా ఒక గీత. మొదట ఎర్రగా ఉంటుంది, ఏడాదిలో పాలిపోయి సన్నబడుతుంది, అప్పటిదాకా ఎండ తగలనీకు. చుట్టూ కొన్నాళ్ళు మొద్దుబారినట్టు ఉంటుంది. ఎత్తు సుమారు రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతావు. మెటల్ డిటెక్టర్లు చాలావరకు మోగవు, మోగినా డాక్టరు రాసిచ్చిన కాగితం చాలు.

అమ్మమ్మకి చెప్పు, ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మామూలుగానే గర్భం దాల్చి పిల్లల్ని కంటున్నారు. అతుకు నడుం కింద దాకా ఉంటే కాన్పుకి వెన్నులో మత్తు సూది వేయడం కష్టం కావొచ్చు, అప్పుడు మత్తు డాక్టరుకి ఎక్స్‌రే చూపిస్తే సరిపోతుంది.

ప్రశ్న: నాకు 17 ఏళ్ళు, అబ్బాయిని, 36 డిగ్రీలు, ఎదుగుదల అయిపోయిందన్నారు. ఆపరేషన్ చేయించుకుంటే కండలు పెంచడానికి బాగుంటుందని ఫ్రెండ్ అంటున్నాడు.

వద్దు బాబూ. ఎదుగుదల ఆగాక 36 పెద్దగా పెరగదు. జిమ్‌కి వెళ్ళు, ఆడుకో, రెండు మూడేళ్ళకోసారి చూపించుకో.

ప్రశ్న: ఆపరేషన్‌కి ఇంకా రెండు నెలలుంది. ముందు ఏం చేయాలి, తరవాత ఎలా ఉంటుంది?

తరవాతది ముందు చెప్తాను. మొదటి మూడు రోజులు కష్టం, దాచడం ఎందుకు. మీట నొక్కితే నొప్పి మందు కొద్దికొద్దిగా ఎక్కే పంపు ఇస్తారు, ఆ మీట పిల్ల మాత్రమే నొక్కాలి, జాలిపడి మీరు నొక్కకూడదు. మర్నాడే లేపి కూర్చోబెడతారు, నడిపిస్తారు. మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి. పక్కకి తిరిగేటప్పుడు భుజాలూ తుంటీ కలిపి దుంగలా దొర్లాలి, ఇది ఇప్పటినుంచే మంచం మీద అలవాటు చేయించండి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, మందు అడగండి. వారం తరవాత కూడా తిన్నదల్లా వాంతి అవుతుంటే, అందులోనూ సన్నటి పిల్లల్లో, ఫోను చేసి ఊరుకోకండి, తీసుకెళ్ళండి. వెన్ను ఒక్కసారిగా సాగడంతో పేగు మొదటి భాగం రక్తనాళాల మధ్య నొక్కుకుని అలా కావొచ్చు. స్కూలుకి మూడు నుంచి ఆరు వారాల్లో, పరుగులు మూడు నుంచి ఆరు నెలల్లో, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు ఆర్నెల్ల నుంచి ఏడాది తరవాత, మీ డాక్టరు సరేనన్నాకే. రెండో వారంలో చాలామంది పిల్లలు కారణం లేకుండా ఏడుస్తారు, చిరాకు పడతారు. దగ్గర కూర్చోండి చాలు.

ఈ రెండు నెలల్లో రక్తం తక్కువుంటే ఐరన్ మందులు, విటమిన్ డి తక్కువుంటే అదీ. బక్కగా ఉంటే కాస్త ఒళ్ళు పట్టాలి. సిగరెట్ గానీ వేపింగ్ గానీ ఉంటే తిట్టకుండా అడగండి, పూర్తిగా మానాలి, ఎముక అతుక్కోదు. పుచ్చిన పళ్ళుంటే బాగు చేయించండి. ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది, వీపు మీద మొటిమలు. మొటిమల్లో ఉండే సూక్ష్మజీవే ఏళ్ళ తరవాత రాడ్ల చుట్టూ చీము పట్టించే వాటిలో ఒకటి, కాబట్టి వీపు నిండా మొటిమలుంటే ఇప్పుడే చర్మం డాక్టరుకి చూపించండి, ఆపరేషన్ వారం ముందు గుర్తొస్తే లాభం లేదు.

ముందు రోజు పిల్లని గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో ఎత్తు గుర్తు పెట్టి తేదీ రాయండి. ఆసుపత్రి నుంచి వచ్చాక, సరిగ్గా నడవడం కూడా రాకముందే, పిల్లలు వెతుక్కుంటూ వెళ్ళేది ఆ గోడ దగ్గరికే.